యుద్ధం సర్పంచ్ పన్నెండు పేజీలు

మొన్న ఒక రసీదు కోసం ఒక కార్యాలయంలో వరుసలో నిలబడ్డాను. కంప్యూటర్ ఆగిపోయింది. గుమాస్తా దాని వైపు కాసేపు ఆశగా చూసి, తర్వాత బీరువా అడుగు నుంచి పాత పుస్తకమొకటి తీసి, రెండు కాగితాల మధ్య కార్బన్ కాగితం దోపి, బలమంతా పెట్టి రాయడం మొదలుపెట్టాడు. మైనం, కిరసనాయిలు, పాత సిరా కలిసిన ఆ వాసన కిటికీ దాటి వచ్చింది. నా వెనకాయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. నేను కొంచెం ముందుకు వంగాను. నా మటుకు అది యుద్ధం వాసన. యుద్ధాన్ని నేను చూడలేదు. ఆ మాటకొస్తే, మా ప్రాంతమంతా 'యుద్ధం సర్పంచ్' అని పిలిచిన బుచ్చిరాములు గారు కూడా చూడలేదు. ఆయన జీవిత చరిత్ర రాసినవాణ్ణి నేనే. పన్నెండు పేజీలు. మొదట అరవై నాలుగు రాశాను. మిగతా యాభై రెండు ఏమయ్యాయో చెబితే ఆయన గురించి చాలావరకు చెప్పినట్టే.

మా ఏటిగూడెం పాల్వంచ దాటాక అడవి అంచున ఉంటుంది. ఊరు ఎక్కడ అయిపోయిందో, అడవి ఎక్కడ మొదలైందో మా గొడ్లకు తప్ప ఎవరికీ కచ్చితంగా తెలియదు. డెబ్బై ఒకటిలో పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చినప్పుడు తూర్పున, పడమట ఆ దేశంతో ఉన్న రెండు సరిహద్దులూ మా ఊరికి దాదాపు సమాన దూరంలో ఉండేవి. ఏ శత్రువైనా మా దాకా రావాలంటే దారిలో ఇంతకంటే మంచి ఊళ్లు చాలా తగులుతాయి. నేనప్పుడు ఖమ్మంలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాను కాబట్టి ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఊళ్లో కరెంటు కూడా లేదు. పాల్వంచలో తయారైన కరెంటు మా పొలాల మీదుగా పెద్ద తీగల్లో ఎక్కడికో పోయేది. మా దగ్గర ఆగే అలవాటు దానికి లేదు. అయినా, చుట్టుపక్కల ఊళ్లలో దీపాలు విమానాలకు కనబడకుండా నల్ల కాగితం చుట్టాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. పట్నాల కోసం రాసింది దారి తప్పి మా దాకా వచ్చిందని ఇప్పుడు అనిపిస్తుంది. సర్పంచ్ బుచ్చిరాములు గారికి అలా అనిపించలేదు. దేశం తనను గుర్తుపెట్టుకుని రాసిందనుకున్నారు.

ఊళ్లో నల్ల కాగితం లేదు. నల్లగా ఉన్న కాగితమల్లా పంచాయతీ ఆఫీసులోని కార్బన్ కట్ట ఒక్కటే. దాన్ని ఇంటికొకటి చొప్పున పంచి, కందిళ్ల గ్లాసులకు చుట్టించారు. వేడికి మైనం కరిగింది. మూడో రోజుకల్లా ఊళ్లో పిల్లల మూతులు, గేదెల పొదుగులు, పెళ్లిచూపులకు వచ్చిన ఒక కుటుంబం చేతులు అన్నీ నీలంగా మారాయి. ఆ సంబంధం కుదరలేదు. శత్రు విమానాలు కూడా రాలేదు. రెండింటిలో రెండోదాన్ని బుచ్చిరాములు గారు తన ఖాతాలో వేసుకున్నారు. కార్బన్ అంతా దీపాలకు పోవడంతో ఆ రెండు వారాల పంచాయతీ మినిట్స్‌కు నకలు రాయలేదు. ఉన్న ఒక్క ప్రతినీ తర్వాత చెదలు చదివాయి. మా ఊరి యుద్ధానికి కాగితపు సాక్ష్యం లేకుండా పోవడానికి కారణం ఇంతే.

పదేళ్ల తర్వాత, ఎనభైల మొదట్లో, ఊరికి హైస్కూలు వచ్చింది. బడి కమిటీకి పెద్ద మిల్లు కాంతయ్య. నేను ఎమ్మే పూర్తి చేసి రెండేళ్లుగా ఉద్యోగం తప్ప అన్ని పనులూ చేస్తున్నాను. ఒకరోజు ఆయన మిల్లుకు పిలిపించాడు.

"చూడు తమ్మీ, బడి తెరవనీకి మంత్రిగారు వస్తున్నరు. బడికి బుచ్చిరాములన్న పేరు పెడ్తున్నం. మంత్రిగారి చేతుల ఒక పుస్తకం పెట్టాలె. అన్న జీవితం. గూఢచారిని పట్టుకున్న ముచ్చట జబర్దస్తుగ రావాలె. పుస్తకం మంచిగొచ్చిందంటే తెలుగు సారు పోస్టు నీదే. ఎవ్వనికియ్య."

నాకు ఆ పోస్టు కావాలి. ఎంత కావాలంటే, పదిహేను రోజుల్లో అరవై నాలుగు పేజీలు రాసేశాను. అందులో బుచ్చిరాములు గారు బాల్యంలో పులిని చూపుతో ఆపారు, యవ్వనంలో వరదను మాటతో ఆపారు, నడివయసులో పాకిస్తాన్‌ను దాదాపు ఒంటరిగా ఆపారు. రాతప్రతి పట్టుకుని ఆయన ఇంటికి వెళ్లాను. అప్పటికి ఆయన సర్పంచ్ కారు. మోకాలు అరిగింది, ఛాతీలో దగ్గు చేరింది. అరుగు మీద కూర్చుని పల్లికాయ వలుస్తున్నారు. చదవమన్నారు. పులి దగ్గరికి వచ్చేసరికి చెయ్యెత్తారు.

"ఆగు బియ్యే. ఇది చూసినోడెవరు?"

ఎమ్మే చదివినా నన్ను ఆయన బియ్యే అనే పిలిచేవారు. ఎమ్మే ఆయన చూడలేదు మరి.

"పులి చూసింది సర్పంచ్ సాబ్," అన్నాను. తెలివిగా జవాబు చెప్పాననే అనుకున్నాను.

"అవ్. అయితే పులిని తోలుకరాపో. దానికి చదివి వినిపిద్దాం. అవునంటే ఉంచుదాం."

ఆ రోజు నుంచి పద్ధతి మారింది. ఏ పేజీ అయినా సరే, అందులోని సంగతిని కళ్లారా చూసిన మనిషి ముందు పైకి చదవాలి. ఆ మనిషి "అవ్" అంటే పేజీ ఉంటుంది. చూసినోడు దొరక్కపోతే పోతుంది. నేను వాదించాను. పెద్దవాళ్ల చరిత్రలు అలా రాయరని, కొంత గౌరవం కలపాలని చెప్పాను. ఆయన పల్లీ నోట్లో వేసుకుని, "పాలల్ల నీళ్లు కలిపినోడు కూడ గట్లనే అంటడు," అన్నారు. పులి పోయింది. వరద పోయింది. ఆయన పుట్టిన రోజున వాన కురిసిందన్న వాక్యం కూడా పోయింది. ఆయన తల్లి చనిపోయి చాలాకాలమైంది, తాను చూసినా గుర్తులేదని ఆయనే అన్నారు. కార్బన్ కాగితాల పేజీ మాత్రం నిలబడింది. వినడానికి బజారు బజారంతా వచ్చి, ఎవరి గేదె పొదుగు ఎక్కువ నీలంగా ఉండేదన్న దాని మీద అరగంట పోట్లాడుకుని, చివరికి అందరూ కలిసి "అవ్" అన్నారు. నా జీవితంలో అంతటి పాఠకాదరణ మళ్లీ చూడలేదు.

అప్పుడు గూఢచారి వచ్చాడు. ఆ కథకు నేను పదకొండు పేజీలు కేటాయించాను. ఊరంతా చెప్పుకునే కథే. యుద్ధం చివరి రోజుల్లో, మసక చీకట్లో, మిలిటరీ రంగు కోటు వేసుకున్న ఒక కొత్త మనిషి చెరువు కట్ట మీద టార్చిలైటు ఊపుతూ దొరికాడు. చేతిలో ఏదో యంత్రం ఉంది. తెలుగు రాదు, ఎవరికీ తెలియని భాష మాట్లాడుతున్నాడు. సర్పంచ్ గారు అతన్ని పంచాయతీ ఆఫీసులో పెట్టి తాళం వేశారు. ఆ సంగతి మినిట్స్‌లో రాసిన గుమాస్తా దేవదానం గారికి ఆ తీర్మానం ఇంకా నోటికి వచ్చు. ఆయన ఆదివారాలు చర్చిలో వాక్యం చదివేవారు, అదే గొంతుతో పంచాయతీ మినిట్స్ కూడా చదివేవారు. అందుకని మురుగు కాలవ తీర్మానాలను కూడా మా జనం తలవంచుకుని వినేవాళ్లు.

"అనుమానాస్పదమైన మనిషి ఒకడు, టార్చిలైటు ఒకటి, లోపల రెండు నాలుకలు గల కొయ్య యంత్రము ఒకటి పట్టుబడినవి," అని దేవదానం గారు ఆ రోజు కూడా కళ్లు మూసుకుని చదివారు.

నేను మెచ్చుకోలుగా తలూపాను. బుచ్చిరాములు గారు మాత్రం చేతిలోని పల్లికాయను వలవకుండానే పక్కన పెట్టారు.

"అది యంత్రం కాదు బియ్యే. ఎద్దు మెడల కట్టే కొయ్య గంట. ఆ పిలగాడు తప్పిపోయిన ఎద్దును దేవులాడుకుంట ఏరు అవతలికెల్లి వచ్చిండు. పేరు ఐతు. కోటు ఏ ఫారెస్టోడో ఇచ్చిందట. రెండు దినాలు తాళమేసి ఉంచిన."

"భాష తెలియక కదా," అన్నాను.

"అది కోయ భాష. మన ఊరికి కూతవేటు దూరంల కోయగూడెం ఉన్నది. ఆ మాట దినాం మన అంగట్ల వినబడ్తది. పోయి ఒక్క మనిషిని పిలిస్తే నిమిషంల తేలిపోవు. ఢిల్లీ కాగితమొస్తే ఊరంత దీపాలు ఆర్పిన. పక్క గూడెంల ఒక్క మాట అడగాలంటే తోచలే. మూడో దినం చీపుర్లు అమ్మనీకొచ్చిన కోయగూడెం ముత్తమ్మ కిటికీలకెల్లి చూసి, వాని మాట విని పడిపడి నవ్వింది. గప్పుడు ఇడిసిపెట్టిన. గది రాయి."

"అలా రాస్తే..." అన్నాను. నా కళ్ల ముందు తెలుగు సారు పోస్టు చెరువు కట్ట మీద టార్చిలా ఊగింది. "దీనికి కూడా చూసినవాళ్లు కావాలి కదా. అందరూ తలుపు బయటే ఉన్నారు."

ఆయన్ను ఆయన పద్ధతితోనే పట్టుకున్నానని సంబరపడ్డాను. ఆయన నా వైపు మొదటిసారి గౌరవంగా చూశారు.

"మంచిగన్నవ్. లోపల ఉన్నోడు ఒక్కడే. పోదాం పా."

అరిగిన మోకాలితో ఆయన, కొత్త చెప్పులతో నేను, దారి చూపడానికి ముత్తమ్మ. ఏరు దాటి భద్రాచలం దాకా ఒక బస్సు, అక్కణ్ణుంచి ఇంకో బస్సు, ఆ బస్సు ఇక రానని మొరాయించిన చోటి నుంచి నడక. ఐతు ఉండే ఊరే ముత్తమ్మ మేనమామది కూడా. అప్పటికి ఆమెకు యాభై ఏళ్లుంటాయి, నెత్తి మీద మూటతో మా ఇద్దరికంటే ముందు నడుస్తూ, మధ్యమధ్య ఆగి మా కోసం ఎదురు చూసేది. "యుద్ధానికి పోయినోళ్లు గిట్లనే నడిస్తే గెలిచినట్టే," అంది ఒకసారి. సర్పంచ్ సాబ్ దగ్గుతూనే నవ్వారు. దారిలో రెండుసార్లు కూర్చున్నారు. రెండోసారి, "వాడు కాదంటే ఏం చేద్దాం బియ్యే?" అని అడిగారు. ఏం కాదంటాడో చెప్పలేదు. అప్పుడు అర్థమైంది, ఆయన పేజీ కోసం రాలేదని. పదేళ్లుగా రావాలనుకుంటున్న చోటికి నా పుస్తకం సాకు అయింది.

ఐతు తన గుడిసె ముందు తాడు పేనుతున్నాడు. ముప్ఫై దాటిన, సన్నటి, తొందరలేని మనిషి. బుచ్చిరాములు గారిని చూసి గుర్తుపట్టి, లేచి, మంచం వాల్చి, తాడు మాత్రం వదలకుండా కూర్చున్నాడు. నేను పేజీ చదివాను. ముత్తమ్మ వాక్యం వాక్యం కోయలో చెప్పింది. ఐతు ప్రతి వాక్యానికీ తలూపుతూ విని, చివర్లో ఏదో అన్నాడు. ముత్తమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏమంటుండు?" అన్నారు సర్పంచ్ సాబ్.

"అంత నిజమేనంట. కని ఎద్దు సంగతి రాయలేదేందని అడుగుతుండు. ఎద్దు ఆ దినమే దానంతటదే ఇంటికొచ్చిందంట. ఇంటోళ్లు ఈయనను దేవులాడిండ్రంట, మూడు దినాలు."

నేను రాసుకున్నాను.

"అన్నం మంచిగ పెట్టిండ్రంట. పప్పుల ఉప్పు తక్కువంట."

అదీ రాసుకున్నాను. ఆ పప్పు వండింది సర్పంచ్ గారి భార్య రంగమ్మ గారు.

"రెండో దినం మీద ఊళ్లె డప్పులు కొట్టి, లోపలికొచ్చి నోట్ల బెల్లం పెట్టిండ్రంట. ఎందుకో ఇప్పటిదాక తెల్వదంట. పట్టుకున్నందుకా అని అడుగుతుండు."

"యుద్ధం గెలిచినందుకు," అన్నారు బుచ్చిరాములు గారు, నేల చూస్తూ. ముత్తమ్మ చెప్పింది. ఐతు ఆ సమాధానం గురించి ఆలోచించి, బాగానే ఉందన్నట్టు తలూపాడు. తర్వాత పేనుతున్న తాడు పక్కన పెట్టాడు. అంతవరకు పెట్టలేదు కాబట్టి మేం ముగ్గురం సర్దుకుని కూర్చున్నాం. ఈసారి నెమ్మదిగా, రెండు వేళ్లు చూపిస్తూ చెప్పాడు.

"ఇడిసిపెట్టినప్పుడు గంట ఇచ్చిండ్రంట, కోటు ఇచ్చిండ్రంట, టార్చి ఇచ్చిండ్రంట. దాంట్ల సెల్లులు లేవంట. రెండు సెల్లులు. కొత్తవంట. చీకట్ల అడవిల నడుసుకుంట వచ్చిండంట. గది రాస్తేనే అవునంటడంట."

బుచ్చిరాములు గారి ముఖం చూశాను. ఆయనకు ఈ సంగతి తెలియదు. తాళం వేసినందుకు ఏం చెప్పాలో పదేళ్లు తయారు చేసుకుని వచ్చిన మనిషి, సెల్లులకు మాత్రం ఏమీ తయారు చేసుకోలేదు. లేచి, మోకాలు పట్టుకుని ఐతు ముందు నిలబడి, రెండు చేతులూ జోడించారు. ఐతు ఆ చేతుల్ని చూసి కంగారుపడి, పట్టుకుని కిందికి దించి, ముత్తమ్మతో ఏదో అన్నాడు.

"దండాలు వద్దంట. సెల్లులు రాయమంటుండు."

రాశాను. మళ్లీ చదివాను. "అవ్," అన్నాడు ఐతు, తెలుగులోనే. ఆ ఒక్క మాట మా దగ్గరే నేర్చుకున్నాడట, ఆ రెండు రోజుల్లో.

తిరిగి వచ్చాక సర్పంచ్ సాబ్ దేవదానం గారిని పిలిపించి ఒక్క మాటే అడిగారు. "ఆ టార్చి సెల్లులు ఏమైనయ్?"

దేవదానం గారు చర్చి గొంతుతో మొదలుపెట్టబోయి మానుకున్నారు. మామూలు గొంతు అంత సన్నగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. "పంచాయతీ రేడియోల సెల్లులు అయిపోయినయ్ సర్పంచ్ సాబ్. ఊరంత వార్తల కోసం కూసున్నరు. దేవుడే పంపిండనుకున్న. యుద్ధం గెలిచినమన్న వార్త... ఆ సెల్లుల మీదనే విన్నం."

మొదట సర్పంచ్ సాబ్ భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారనుకున్నాను. నవ్వుతున్నారు. ఆ నవ్వు దగ్గులోకి, దగ్గు మళ్లీ నవ్వులోకి తిరిగింది. "గూఢచారి సెల్లుల మీద గెలుపు విన్నం! రాయి బియ్యే, రాయి!"

లోపలి నుంచి రంగమ్మ గారు వచ్చారు. ఆవిడకు సెల్లులతో పనిలేదు. "ఉప్పు తక్కువని రాసినవంట? తీసెయ్ అది. జైలోడికి ఎవరన్న అంత కమ్మగ వండుతరా?"

"తీసేస్తే వాడు అవ్ అనడు," అన్నారు భర్త.

"వాడు అనకపోతే పాయె! నేనంట!"

"నువ్వు వండినవ్. తిన్నోడు వాడు."

ఉప్పు ఉండిపోయింది. ఆ తర్వాత కొన్నాళ్లు ఆ ఇంట్లో అన్నీ ఉప్పగానే ఉండేవి.

పుస్తకం పన్నెండు పేజీలకు తేలింది. కాంతయ్యకు ఇచ్చాను. మిల్లు శబ్దంలో కూడా ఆయన చదవడం వినబడింది.

"ఏందిది? గూఢచారి దొరికిండని రాయమంటే, ఎద్దు దొరికిందని రాసినవా? మంత్రిగారికి ఇది చూపిస్తమా? తమ్మీ, రెండే మాటలు. ఆ పేజీ తీసెయ్, పాతదెయ్, సర్పంచ్ సంతకం పెట్టించుకరా. లేకుంటె బడికి పేరు వేరే ఉంటది. నీ పోస్టు కూడ వేరేటోనిదే."

ఇక్కడ నేను కొంచెం గొప్పగా ప్రవర్తించి ఉంటే బాగుండేది. కానీ చూసినవాళ్లున్నారు కాబట్టి ఉన్నది చెబుతాను. ఇంటికి వెళ్లి పాత పదకొండు పేజీలను ఒక్క పేజీకి కుదించి శుభ్రంగా తిరగరాశాను. టార్చి, కోటు, కొయ్య యంత్రం, రెండు నాలుకలు, అన్నీ ఉన్నాయి. సర్పంచ్ సాబ్ చూపు మందగించింది, సంతకం పెట్టేటప్పుడు చదవమని అడగకపోవచ్చు అనుకున్నాను. అలా అనుకోవడానికి ఎంత చదువు కావాలో నాకు అంతే ఉంది.

ఆయన కాగితాన్ని తీసుకుని, కంటికి దగ్గరగా పెట్టుకుని, మెల్లగా పూర్తిగా చదివారు. కోప్పడలేదు.

"ఇది చూసినోడెవరు?"

నేను కాగితం వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాను. కాంతయ్య చెప్పిన రెండు మాటలూ చెప్పాను. పోస్టు సంగతి కూడా చెప్పాను. ఆయన చాలాసేపు వీధి వైపు చూశారు. బడి గోడలు అక్కడికి కనబడతాయి. పేరు రాయడానికి పైన తెల్లటి జాగా వదిలారు. దాన్ని ఆయన రోజూ చూస్తున్నారని నాకు తెలుసు.

"నా పేరు నాది. తీసెయ్మను. పోస్టు నీది. నీకు కావాల్నంటే నేను సంతకం పెడ్త. నీ మీద కోపం రాదు. కని ఐతు దగ్గరికి నువ్వే పోయి చదివి రావాలె, ఈ పేజీ."

తర్వాత లోపలికి కేక వేశారు. "ఇగో, ఈనకు అన్నం పెట్టు. పప్పు ఎయ్యి."

తిన్నాను. ఉప్పు ఎక్కువైంది. ఎలా ఉందని రంగమ్మ గారు అడిగారు. "ఉప్పెక్కువైంది అమ్మా," అన్నాను. ఆ ఇంట్లో ఆ రోజు నేను తడుముకోకుండా చెప్పిన మొదటి నిజం అది. ఆవిడ నా ఒళ్లో ఉన్న కాగితాన్ని తీసుకుని పొయ్యి దగ్గరికి వెళ్లారు. అది బాగా అంటుకుంది. అతిశయోక్తికి ఆ గుణం ఉంటుంది కాబోలు.

బడికి కాంతయ్య తండ్రి పేరు పెట్టారు. ఆయన్ను చూసినవాళ్లు ఊళ్లో చాలామందే ఉన్నారు కానీ, ఎవరినీ ఎవరూ అడగలేదు. తెలుగు సారుగా కాంతయ్య మేనల్లుడు వచ్చాడు. మంచివాడే, లెక్కలు బాగా చెప్పేవాడు. పన్నెండు పేజీల పుస్తకం కొత్తగూడెంలో ఒక చిన్న అచ్చాఫీసులో వంద ప్రతులు వేయించాం. మొదటి ప్రతిని నేనే ఏరు దాటి తీసుకెళ్లి ఐతుకు ఇచ్చాను. దానితోపాటు సర్పంచ్ సాబ్ పంపిన రెండు కొత్త సెల్లులు. ఐతు పుస్తకాన్ని చూరులో దోపాడు. సెల్లుల్ని టార్చిలో వేసి, పట్టపగలు వెలిగించి చూసుకున్నాడు.

తర్వాత నేను ఒక పత్రికలో చేరాను. ఇరవై ఎనిమిదేళ్లు ఇతరులు తెచ్చిన వార్తలు దిద్దాను. ప్రతి వార్త పక్కనా మార్జిన్‌లో ఒకే ప్రశ్న రాసేవాణ్ణి. విలేకరులు వెనకాల నాకు 'చూసినోడు' అని పేరు పెట్టారని విన్నాను. ఆ పేరు ఎవరు పెట్టారో చూసినోడు మాత్రం దొరకలేదు.

అచ్చుకు పంపేముందు రాతప్రతి చివర నా పేరు రాసుకుని ఆయనకు చూపించిన రోజు ఇంకా కళ్లకు కడుతుంది. ఆయన వేలు పెట్టి ఆ పేరు మీద ఆగారు. "నువ్వే రాసినవనేటందుకు చూసినోడెవరు?" అని అడిగారు. ఈసారి జవాబు నా దగ్గర ఉంది. "మీరే సర్పంచ్ సాబ్," అన్నాను. ఆయన దేవదానం గారిని కార్బన్ కాగితం తెమ్మన్నారు. రెండు కాగితాల మధ్య పెట్టి, ఒక్కో అక్షరం నొక్కి నొక్కి రాశారు: 'ఈ పన్నెండు పేజీలు ఈ పిలగాడు రాసిండు. నేను చూసిన.' కింద సంతకం. పై కాగితం ఆయన ఉంచుకున్నారు. నకలు నాకిచ్చారు. దాన్ని మడిచి జేబులో పెట్టుకుంటుంటే నా వేళ్లకు నీలం అంటింది. డిగ్రీలు, అనుభవ పత్రాలు అన్నింటినీ ఏదో ఒక ఆఫీసు అడిగి తీసుకుని తిరిగివ్వలేదు. ఆ నకలు నన్ను ఎవరూ అడగలేదు. అది ఇంకా నా దగ్గరే ఉంది.